నాలుగో ప్రెస్సు మీద అల్లుడు

మా వదిన రెండు వేళ్ళు తీసింది మీరు. రేకులు కోసే ప్రెస్సు మీదికి నెట్టకండి. గంటకి ఎన్ని ముక్కలు రావాలో ప్రెస్సు తనంతట తాను బోర్డు మీద రాసుకోలేదు. రాసింది ప్రొడక్షన్ మేనేజరు. ఆ రాతని రోజూ చూస్తూ నోరెత్తనివాడు సేఫ్టీ ఆఫీసరు. వేళ్ళు పోయాక రిజిస్టరు తెరిచి, "కారణం" అనే గడిలో "కార్మికురాలి అజాగ్రత్త" అని రెండే రెండు మాటలు రాసి, పెన్నుకి మూతపెట్టి టీకి వెళ్ళినవాళ్ళు మీ ఇద్దరూ. ఆడలేక మద్దెల ఓడు అంటారు. మా షాపులో మద్దెల నిజంగానే ఓడు. మీరు ఆడినదాన్ని తిట్టారు.

మొన్న శిక్షణ తరగతికి ఇద్దరూ వచ్చారు. భద్రత మనందరి బాధ్యత అని చెరో ఐదు నిమిషాలు చెప్పి, ఫోటో దిగి వెళ్ళిపోయారు. మీరు వెళ్ళాక ఏం జరిగిందో చెబుతాను. కుర్చీలో సరిగ్గా కూర్చుని వినండి.

మేం తలుపులకి మడతబందులు కొడతాం. ఫ్యాక్టరీలో మా షెడ్డుని షాపంటాం. అందులో ఎనిమిది ప్రెస్సులు. ఒక్కోదానికి రెండు ఆకుపచ్చ బటన్లు, మూరెడు ఎడంగా. రెండింటినీ ఒకేసారి అరచేతులతో నొక్కితేనే పై అచ్చు దబ్బున కిందికి దిగి రేకుని కోస్తుంది. చేతులు రెండూ బటన్ల మీద ఉంటే అచ్చు కింద ఉండవు గదా, అదీ ఏర్పాటు. దాన్ని కనిపెట్టినవాడు తెలివైనవాడే. కానీ బోర్డు మీద గంటకి ఆరువందలని రాసినవాణ్ణి పాపం వాడు చూసి ఉండడు. రెండు చేతులతో నొక్కి, చేతులు తీసి, ముక్కని లాగి, కొత్త రేకు పెట్టి, మళ్ళీ నొక్కి ఆరువందలు తెమ్మంటే ఎవరి తరమూ కాదు. అందుకని ఒక బటన్ సందులో చెక్కముక్క దిగ్గొడతాం. ఆ బటన్ రోజంతా నొక్కుకునే ఉంటుంది. ఒక చెయ్యి రెండో బటన్ మీద, ఇంకో చెయ్యి అచ్చు దగ్గర. పని పరుగెడుతుంది.

ఆ చెక్కముక్కకి మా షాపులో పేరు అల్లుడు. వచ్చి కూర్చున్నాడంటే లేవడు, పని చెయ్యడు, లేవమనే ధైర్యం ఎవరికీ ఉండదు. ఆ పేరు పెట్టింది మొదటి ప్రెస్సు బాబాయి. ఆయనకి ముగ్గురు అల్లుళ్ళు, అనుభవం మీద పెట్టాడు. షిఫ్టు మారేటప్పుడు మా అప్పగింతలు ఇలా ఉంటాయి:

"అల్లుడు కుదురుగా ఉన్నాడా?"

"పొద్దుట్నుంచీ అలిగి ఉన్నాడు. సుత్తితో ఓ మర్యాద చెయ్యి, సర్దుకుంటాడు."

సేఫ్టీ ఆఫీసరు గుమ్మంలోకి రాకముందే దగ్గుతాడు. ఒకటి కాదు, నాలుగు దగ్గులు. ఎనిమిదిమంది అల్లుళ్ళూ ఎనిమిది జేబుల్లోకి వెళ్ళడానికి నాలుగు దగ్గులు సరిపోతాయి. ఆయనకి ఏ జబ్బూ లేదు. కళ్ళు కనిపించడమే ఆయన ఇబ్బంది.

పద్నాలుగు నెలల కిందట, ఉదయం షిఫ్టులో, నాలుగో ప్రెస్సు వదిన ఎడమచేతి చూపుడు వేలు, నడిమి వేలు రెండో కణుపు దాకా తీసుకుంది. వదినంటే మా అన్నయ్య భార్య. నేను ఉండేది వాళ్ళింట్లోనే. ఇప్పుడామె ప్యాకింగులో పెట్టెలకి టేపు వేస్తుంది. చేతికేమైందని ఎవరడిగినా ఒకటే జవాబు, "నా అజాగ్రత్తే." బస్సులో పక్కన కూర్చున్న ముసలమ్మ అడిగినా అదే, ఎదురింటి పిల్ల అడిగినా అదే. మీరు రిజిస్టరులో రాశారు, ఆమె కంఠస్థం చేసింది. వేళ్ళు తిరిగి రావని నాకూ తెలుసు. ఆ మాటనైనా ఆమె నోట్లోంచి ఊడబెరకాలని పద్నాలుగు నెలలుగా నా పట్టుదల. వెయ్యిసార్లు చెప్పాను, నీ తప్పు కాదు వదినా అని. గేటు ముందు అరిచాను, కరపత్రం రాశాను. ఆమె చదివి, "అక్షరాలు గుండ్రంగా వచ్చాయే" అంది.

ఇంతలో తనిఖీవాళ్ళెవరో వచ్చి కళ్ళెర్రజేశారు. శిక్షణ పెట్టక మీకు తప్పలేదు. బయటినుంచి ఒక మేడమ్ వచ్చింది. యాభై దాటిన మనిషి, బక్కగా, గొంతు పెంచడం తెలియనట్టు మాట్లాడుతుంది. వచ్చీ రాగానే షరతు పెట్టింది. తరగతి ఇద్దరం నడపాలి, రెండోవాళ్ళు ప్రెస్సు మీద పనిచేసేవాళ్ళే అవ్వాలి అని. "నేనొక్కదాన్నే నిలబడితే వీళ్ళు నాకు నచ్చే జవాబులే చెబుతారు" అందట. మీరు సూపర్‌వైజరుని ఇస్తామన్నారు. ఆమె షాపులోకొచ్చి నేరుగా మమ్మల్నే అడిగింది. అందరూ ఒక్క గొంతుతో "మైకు!" అన్నారు.

మైకంటే నేనే. నేను మాట్లాడితే కరెంటు పోయినా వీధి చివరికి వినిపిస్తుంది. చదివింది ఏడో తరగతి. మిగతాదంతా నోటీసు బోర్డులూ, మెషీన్‌తో వచ్చే పుస్తకాలూ, చట్టాల పుస్తకాలూ వేలుపెట్టి చదివి నేర్చుకున్నదే. పాఠం చెప్పడమంటే మాట్లాడటమే గదా, నాకేం కష్టమనుకున్నాను.

షిఫ్టు అయ్యాక క్యాంటీన్ మూల ఐదు సాయంత్రాలు సాధన. మొదటిరోజే మేడమ్ నా గాలి తీసింది.

"ప్రశ్న బాగా అడిగారు. జవాబు ఎవరు చెప్పారు?"

"నేనే."

"రెండో ప్రశ్నకి?"

"నేనే. ఎవరూ చెప్పట్లేదు గదా మేడమ్!"

"ఇక్కడున్నవి ఖాళీ కుర్చీలు. అవెలా చెబుతాయి?"

"కుర్చీలైనా సరే, ఊరుకుంటే నాకు ఊపిరాడదు."

నవ్వింది. "అడిగాక లోపల పది లెక్కపెట్టండి. ఎవరి మొహంలోకీ గుచ్చి చూడొద్దు, మీరు మాట అందించొద్దు."

"పదా? పది లెక్కపెట్టేలోపు మావాళ్ళు సమ్మె మొదలెట్టి ముగిస్తారు."

"లెక్కపెట్టండి చూద్దాం."

మూడు దాటలేకపోయాను. నాలుగు దగ్గర నాలుక పళ్ళని తోసేది. ఇరవయ్యేళ్ళుగా నా నోరే నా ఆయుధం. దాన్ని ఒరలో పెట్టమంటోంది ఈవిడ. రెండోరోజు కోపమొచ్చి అన్నాను, "మాట్లాడనివ్వనిదానికి నేనెందుకు మేడమ్? గోడకి కొట్టిన మేకుని నిలబెట్టుకోండి." ఆమె చేతులు కట్టుకుని నా వంక చూస్తూ నిలబడింది. కాసేపటికి ఆగలేక నేనే మొదలెట్టాను, "అంటే, నాకు భయంగా ఉంది. నేను ఊరుకున్నప్పుడు వాళ్ళు కూడా ఊరుకుంటే?" ఆ మాట ఎవరితోనూ అనలేదు అంతకుముందు. ఆమె చల్లగా, "ఎనిమిది లెక్కపెట్టాను" అంది. దొంగని పట్టినట్టు పట్టేసింది నన్ను!

ఇంట్లో ప్రయోగించాను. పెరట్లో కుళాయి కట్టకుండా ఎవరో వదిలేశారు, చెప్పులు తేలుతున్నాయి. రోజులా అయితే అన్నయ్య మీద విరుచుకుపడేదాన్ని. ఆరోజు మామూలుగా, "కుళాయి ఎవరు వదిలారు?" అని అడిగి ఊరుకున్నాను. ఒకటి, రెండు, మూడు. అన్నయ్య పేపరు తిరగేశాడు. ఐదు. పేపరు మడిచాడు. ఏడు దగ్గర, "నేనే వదిలానే తల్లీ, అలా చూడకు, తిట్టు, తిట్టెయ్" అన్నాడు. వదిన వంటింట్లోంచి పగలబడి నవ్వింది. "పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు, ఒక్క తప్పూ ఒప్పుకోలేదు ఈయన. ఆ విద్యేదో నాకూ నేర్పు" అంది.

ఐదోరోజు మేడమ్ కాగితాలు పంచుకుందామంది. నా వాటాలో తొమ్మిదోది మీ ఆఫీసునుంచి వచ్చిన కాగితం. నాలుగో ప్రెస్సు బొమ్మ, పైన పెద్ద అక్షరాల్లో "ఒక్క క్షణం అజాగ్రత్త". కింద మా వదిన ప్రమాదం, పేరు లేకుండా, తేదీతో సహా. మా మనిషి రక్తాన్ని మాకే పాఠం చేసి పంపారు మీరు.

"చింపేస్తాను" అన్నాను.

"చింపండి. ఆఫీసులో ఇంకో కాపీ ఉంటుంది."

"అయితే ఇదంతా అబద్ధమని గదిలో చెబుతాను."

"పద్నాలుగు నెలలుగా చెబుతున్నారు గదా. వదిన నమ్మారా?"

ఆమె కాగితాన్ని నా ముందుకి జరిపి, "ఇది సరిగ్గా ఉందా అని మాత్రం అడగండి. తరవాత లెక్కపెట్టండి" అంది.

ఇంటికెళ్ళి వదినకి కాగితం చూపించాను. ఆమెకూడా రేపటి తరగతిలో కూర్చోవాలి. గిన్నెలు తోముతూ, తలెత్తకుండా, "చదువు. ఉన్నదేగా" అంది.

అప్పుడు చెప్పాను, ఎన్నాళ్ళనుంచో దాచిన మాట. "ఆ అల్లుణ్ణి చెక్కి ఇచ్చింది నేను వదినా."

నిజం. నాలుగో ప్రెస్సుకి మార్చిన కొత్తలో ఆమె చెయ్యి తిరగక మూడు రోజులు వెనకబడింది. సూపర్‌వైజరు అందరిలో నిలబెట్టి అరిచాడు. ప్యాకింగు పెట్టె చెక్క తీసుకుని నేనే చెక్కాను, గరుకు కాగితంతో నున్నగా రుద్ది మరీ ఇచ్చాను. గేటు ముందు మిమ్మల్ని తిట్టే నోటితోనే, "ఇది పెట్టుకో, అలవాటైపోతుంది" అన్నాను.

వదిన కుళాయి కట్టింది. "నాకు తెలీదా? నువ్వు చెక్కకపోతే నేనే చెక్కుకునేదాన్ని. నీ అంత నున్నగా వచ్చేది కాదు, అంతే" అని గిన్నె బోర్లించింది.

మర్నాడు పొద్దున స్టాకు గదిలో పన్నెండు కుర్చీలు. మీరు ఫోటో దిగి వెళ్ళాక తలుపు వేశాం. మేడమ్ మీ ఆఫీసు ఫారం తీసి మొదటి ప్రశ్న చదివింది: "రక్షణ పరికరాలను నిర్వీర్యం చేసే అలవాటు ఉందా?" పన్నెండుమందీ లేదన్నారు. బాబాయి గుండెమీద చెయ్యివేసుకుని మరీ లేదన్నాడు. అబద్ధమాడాడనుకుంటున్నారా? ఆయన జీవితంలో దేన్నీ నిర్వీర్యం చెయ్యలేదు. ఆ మాటే ఆయన ఎరగడు. మేడమ్ ఫారం నాకు అందించి పక్కకి తప్పుకుని, ఖాళీగా ఉన్న స్టూలు మీద వాళ్ళలో కలిసి కూర్చుంది.

ఫారం మడిచి జేబులో పెట్టాను. "మీ ప్రెస్సు మీద అల్లుడున్నాడా?" అని అడిగాను.

గొల్లుమన్నారు. ఎవరో "ఇప్పుడు జేబులో ఉన్నాడు!" అన్నారు. నవ్వు ఆగింది. నేను నవ్వలేదు, మాట్లాడలేదు. నాలుగు దగ్గర నాలుక మామూలుగానే తోసింది. కొరికిపట్టాను. ఆరు. ఏడు. బాబాయి జేబులోంచి అల్లుణ్ణి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తరవాత ఒకరి తరవాత ఒకరు తీశారు. ఏడు చెక్కముక్కలు, చెమటకి నల్లబడి, వేలిముద్రలు పడి. వాటిని బల్లమీద వరసగా పెట్టారు.

మేడమ్ లేచి చార్టు మీద గళ్ళు గీసింది. దెబ్బ ఎంత పెద్దది, ఒకటినుంచి ఐదు. తగిలే అవకాశం ఎంత, ఒకటినుంచి ఐదు. రెండూ గుణిస్తే ఏ పని ముందు చెయ్యాలో తేలుతుంది.

"దెబ్బ ఐదు. అవకాశం ఒకటి వేసుకో" అన్నాడు బాబాయి నాతో. "ఇరవై రెండేళ్ళుగా చేస్తున్నా, నాకేమైంది? అలవాటే."

నేను మార్కరు ఎత్తి ఆగాను. రాయలేదు, కాదనలేదు. వెనక వరసలో ఎడమచేతికి కొంగు చుట్టుకుని కూర్చుని ఉంది వదిన. బాబాయి తలతిప్పి ఆ కొంగు వంక చూశాడు. "నాలుగు వెయ్యి తల్లీ" అన్నాడు గొంతు తగ్గించి. ఒక్క క్షణమాగి, "ఐదే వెయ్యి" అన్నాడు.

షాపులోకి వెళ్ళి చూసేందుకు మేడమ్ ముందే అనుమతి రాయించుకుంది. అందరం నాలుగో ప్రెస్సు చుట్టూ నిలబడ్డాం. కొట్టేది ఏడో ప్రెస్సు అమ్మాయి, మా షాపులో అందరికంటే చెయ్యి వేగం, అందుకే బుల్లెట్టంటాం. బటన్లు రెండూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడమన్నాను. ఒకదాంట్లో ఇంకా చెక్క ఇరుక్కునే ఉంది, ఎనిమిదోది. పొద్దున్న తీయలేక వదిలేశారట. ఎవరం కదిలేలోపే వదిన ముందుకొచ్చింది. స్క్రూడ్రైవరు సందులో దూర్చి, కుడిచేత్తో ఒక్క పెకిలింపు. అల్లుడు ఎగిరి రేకుల తొట్టిలో పడ్డాడు.

"అల్లుణ్ణి లేపే అత్తగారు ఇన్నాళ్ళకి దొరికిందిరా దేవుడా!" అన్నాడు బాబాయి.

పది నిమిషాలు. బుల్లెట్టు రెండు చేతులతో నొక్కింది, తీసింది, లాగింది, పెట్టింది. వదిన గట్టిగా లెక్కపెట్టింది. ముప్ఫై దాటాక మిగతావాళ్ళూ గొంతు కలిపారు. గడియారం ఆగమనేసరికి బుల్లెట్టు చొక్కా వీపుకి అంటుకుపోయింది. డెబ్బై రెండు. అంటే గంటకి నాలుగువందల ముప్ఫై రెండు. అదీ పదినిమిషాల ఊపుతో, నీళ్ళు తాగకుండా, వెనక్కి తిరక్కుండా, మా అందరిలో వేగమైన చేత్తో.

"బోర్డు మీద ఎంతుంది?" అడిగాను.

అందరికీ తెలుసు. అయినా అందరూ తలెత్తి చూశారు.

గదికి తిరిగొచ్చాక తొమ్మిదో కాగితం తీశాను. ఉన్నదున్నట్టు చదివి, "ఒక్క క్షణం అజాగ్రత్త" అన్నది చార్టు మీద రాశాను. తరవాత, "ఇందులో కారణం సరిగ్గా ఉందా?" అని అడిగి ఊరుకున్నాను.

ఒకటి. రెండు. నా జీవితంలో ఇంత పొడుగు పది ఇంకోటి లేదు. ఆరు దగ్గర కరపత్రం మొత్తం గొంతులోకి వచ్చింది. మింగాను. మేడమ్ కిటికీ వంక చూస్తోంది. తొమ్మిది దగ్గర కుర్చీ జరిగిన చప్పుడు.

వదిన వచ్చి నా చేతిలోంచి మార్కరు తీసుకుంది. "నువ్వు చెక్కావు. నేను పెట్టుకున్నాను. ఆ రెండూ రాస్తాను, దాచను" అంది నాతో. తరవాత అందర్నీ చూసింది. "ఇప్పుడు లెక్కపెట్టింది నేనే గదా. బుల్లెట్టుకే రానివి, కొత్తగా వచ్చిన నాకు వస్తాయా? నాకు జాగ్రత్త లేకనా?"

చార్టు మీద "అజాగ్రత్త" అన్న మాటని అడ్డంగా కొట్టేసింది. కింద, పక్కలకి ఒరిగిపోయే అక్షరాలతో రాసింది: "గంటకి ఆరువందలు అడిగారు. రెండు చేతులతో నాలుగువందల ముప్ఫై రెండే వస్తాయి." ఎడమచేతి మిగిలిన వేళ్ళతో చార్టుని గోడకి అదిమిపట్టి రాసింది. ఆ చేతిని పద్నాలుగు నెలలుగా కొంగులో దాచేది. పన్నెండుమంది ముందు పెట్టింది. నా గుండె షాపంత అయింది. సభల్లో జనం నాకు చప్పట్లు కొట్టినప్పుడు కూడా అంత పొంగలేదు. ఆ మాట నేను చెప్పలేదు మరి. చెప్పకుండా ఉండటం నేర్చుకున్నాను, ఆమె చెప్పింది.

సరిగ్గా అప్పుడే సర్టిఫికెట్లు పంచడానికి వచ్చారు మేనేజరు గారు. చార్టు చూశారు, బల్లమీద చెక్కముక్కలు చూశారు.

"ఇది శిక్షణా, యూనియన్ మీటింగా?"

"ప్రమాదాల అంచనా సార్. మీరు రాసిచ్చిన అంశమే" అంది మేడమ్, అదే నెమ్మది గొంతుతో. అని నా వంక చూసింది. మిగతాది నాకు వదిలింది.

"రెండు బటన్లూ నొక్కి గంటకి ఆరువందలు వస్తాయా సార్?" అడిగాను.

ఎంత ఊరుకున్నారో గుర్తుందా మీకు? నేను పదిహేడు లెక్కపెట్టాను. ఆఖరికి, "అది... రిపోర్టులో పెట్టకండి" అన్నారు. పన్నెండుమంది విన్నారు.

పెట్టాం. మేడమ్ రాసింది, కింద నేను సంతకం చేశాను, మా కింద పన్నెండు సంతకాలు. అందులో ఒకటి మా వదినది. నిన్న బస్సులో ఎవరో ఆమె చెయ్యి చూసి అడిగారు. "ఫ్యాక్టరీలో లెక్క ఎక్కువ పెట్టారండీ" అంది. నేను కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఇప్పుడు మీ వంతు. రిజిస్టరు తెరవండి. ఆ రెండు మాటలూ కొట్టేసి, పక్కన మీ సంతకాలు పెట్టండి, వదినని పిలిచి చూపించండి. బోర్డు మీద ఆరువందలు తుడవండి. నాలుగువందల ముప్ఫై రెండూ వెయ్యకండి, అది బుల్లెట్టు పరుగు. మనిషి ఎనిమిది గంటలు ఊపిరి పీల్చుకుంటూ చెయ్యగలిగినంత, మాతో కూర్చుని కొలిచి వెయ్యండి. ఒక బటన్ నొక్కుకుని ఉండిపోతే రెండోది పనిచెయ్యకుండా ఆపే ఏర్పాటు ఉందని మెషీన్ పుస్తకం నలభై ఒకటో పేజీలోనే ఉంది, నేను వేలుపెట్టి చదివాను. ఎనిమిదింటికీ బిగించండి. బిగించేదాకా ఆ ప్రెస్సులు ఆపండి. దగ్గడం మానేసి నేరుగా లోపలికి రండి. రాత్రి షిఫ్టుకీ, పక్క షాపుకీ శిక్షణ పెట్టినప్పుడు ముందు నిలబడేది ఇద్దరు, అందులో ఒకరు ప్రెస్సు మీద చేసినవాళ్ళు. మా వదిన సిద్ధంగా ఉంది. సోమవారం తరగతికి ఆమె పేరు రాయండి, ఇవాళే.